పెళ్లికూతురికి కామెర్లు: ఒక వెడ్డింగ్ స్టూడియోలో మానిటర్ మార్చిన కథ

ఎడిటింగ్ రూమ్‌లు సెటప్ చేసివ్వడం నా పని. సిస్టమ్ కట్టడం, స్టోరేజ్, కేబుళ్లు, మానిటర్ల క్యాలిబ్రేషన్ (రంగు, వెలుగు కొలిచి ప్రమాణానికి సర్దడం), ఆఖరికి ట్యూబ్‌లైట్ ఎక్కడ బిగించాలో కూడా నేనే చెప్తుంటాను. ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో అందరం తలా ఒక తప్పు చేశాం, నేనూ చేశాను, పైగా చేసేటప్పుడు ప్రతి తప్పూ తెలివైన పనిలాగే అనిపించింది. స్టూడియో ఎవరిదో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. కొలతలు మాత్రం అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నవే.

స్టూడియో సంగతి

హైదరాబాద్ కృష్ణానగర్ చుట్టుపక్కల ఒక అద్దె ఫ్లాట్, అందులో పెళ్లి వీడియోల స్టూడియో. ఓనర్ వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కాలం మనిషి. అప్పట్లో మిక్సింగ్ తనే కూర్చుని చేసేవాడు, ఇప్పుడు ఎడిటర్ పక్కన కుర్చీ వేసుకుని “అది కొట్టెయ్, ఇది ఉంచు” అని చెప్తుంటాడు. ఎడిటర్లు ఇద్దరు. పెద్దవాడు హైలైట్స్ కట్ చేసి కలర్ చూస్తాడు, చిన్నవాడు మూడు నాలుగు గంటల ఫుల్ వీడియో చూసుకుంటాడు. రెండూ విండోస్ సిస్టమ్‌లే. ప్రీమియర్‌లో ఎడిటింగ్, డావిన్చీ రిజాల్వ్‌లో కలర్. చివరికి కస్టమర్ చేతికి వెళ్లేది ఒక పెన్‌డ్రైవ్, హైలైట్స్‌కి ఒక యూట్యూబ్ లింక్.

ఇద్దరి దగ్గరా ఆఫీసుల్లో వాడే మామూలు 22 అంగుళాల మానిటర్లు ఉండేవి. మాఘమాసం ముహూర్తాలకి ముందు పెద్ద ఎడిటర్‌కి 32 అంగుళాల కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్ కొన్నారు. 165 హెర్ట్జ్, 2560×1440, వీఏ అనే రకం ప్యానెల్, సినిమాలకి వాడే విశాలమైన రంగుల శ్రేణి డీసీఐ పీ3లో 95 శాతం, మూలన హెచ్‌డీఆర్ అని ఒక స్టిక్కర్. అట్టపెట్టె మీద రాసినవన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఫిర్యాదులు

వైశాఖం పెళ్లిళ్ల డెలివరీలు మొదలయ్యాక వరసగా మూడు ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. ఒక పెళ్లికూతురి తల్లి “మా పిల్లకు కామెర్లయినట్టు కనిపిస్తుంది, గిదేం వీడియో?” అంది. ఇంకో ఇంట్లో మండపం చీకటిగా ఉందన్నారు. మూడో ఇంట్లో అయితే చీర పట్టుకుని కూర్చున్నారు, కొన్నప్పుడు కుంకుమ రంగు, వీడియోలో ఇటుక రంగు.

ఓనర్ మొదట టీవీల మీదకి తోసేశాడు. “మా దగ్గర మంచిగనే ఉంది తమ్మీ, ఆళ్ల టీవీలల్లనే ఏదో ఉన్నది” అన్నాడు నాతో. ఒక ఇంటి టీవీ పాడైందంటే నమ్మొచ్చు. మూడు ఇళ్లు, మూడు కంపెనీల టీవీలు, మూడింట్లోనూ బొమ్మ ఒకే వైపు జారుతోంది: పసుపు పచ్చగా, మసకగా, ప్రాణం లేనట్టుగా. టీవీలు అలా కూడబలుక్కోవు. ఆషాఢం వచ్చింది, ముహూర్తాలు లేవు, ఎడిటర్లు ఖాళీగా ఉన్నారు, అప్పుడు నన్ను పిలిచారు.

నేను వెళ్లేసరికి ఓనర్ అప్పటికే నిర్ణయం తీసేసుకున్నాడు, కొత్త 4కె మానిటర్ కావాలి, ఏది కొనాలో చెప్తే చాలు. నేను రెండు రోజులు ఆగమన్నాను. ఏది తప్పు చెప్తోందో తెలియకుండా కొంటే ఇంకో తప్పుని ఇంకా ఎక్కువ పిక్సెళ్లలో చూస్తాం, అంతే.

మొదట ఫైల్‌ని అడిగాను

స్క్రీన్లన్నీ పక్కనపెట్టి ఆ ‘కామెర్ల’ పెళ్లి ఫైల్‌ని రిజాల్వ్ స్కోప్స్‌లో చూశాను. స్కోప్‌కి మానిటర్‌తో పని లేదు, ఫైల్‌లో ఉన్న అంకెల్నే చూపిస్తుంది. అందుకే గొడవ వచ్చినప్పుడు అది నాకు పెద్దమనిషి లాంటిది.

తెల్లగా ఉండాల్సిన వస్తువు ఒకటి కావాలి. మన పెళ్లిళ్లలో దానికి కరువు లేదు: మధుపర్కాలు, పంతులుగారి పంచె, జడలో మల్లెలు. కాకపోతే మధుపర్కాలకి కొందరు పసుపు అద్దుతారు, అప్పుడు అవి నిజంగానే పచ్చగా ఉంటాయి. అందుకని ఆ పెళ్లి ఫొటోలు తెప్పించి చూశాను, ఇవి తెల్లవే, ఎర్ర అంచు. కెమెరా ఒరిజినల్ క్లిప్‌లో ఆ తెలుపు మీద పెరేడ్ స్కోప్ నూటికి ఎరుపు 81, ఆకుపచ్చ 80, నీలం 78 చూపించింది. అంటే దాదాపు తెలుపే. కలర్ చేసి కస్టమర్‌కి ఇచ్చిన ఫైల్‌లో అదే చోట 74, 71, 56. నీలం పడిపోయింది, కాబట్టి పచ్చ వచ్చింది. పెళ్లికూతురి చెంప మీద వెలుగు 55 దగ్గర ఉండేది 41కి దిగింది. వెక్టర్‌స్కోప్‌లో చర్మం రంగు మధ్యలోకి కుంచించుకుపోయింది, అంటే రంగు కూడా తగ్గించేశాడు.

కెమెరామన్ తప్పు లేదు, టీవీ తప్పూ లేదు, చేసింది ఎడిటరే. అతని మొహం చూడాలి. “అన్నా, నేను కావాలని పచ్చగ చేస్తనా?” అన్నాడు. చెయ్యలేదు. అతని కంటికి ఆ స్క్రీన్ చెప్పిందే చేశాడు.

తర్వాత మానిటర్‌ని అరగంట వేడెక్కనిచ్చి క్యాలిబ్రేటర్ తగిలించాను. తెలుపు 7900 కెల్విన్, ఉండాల్సింది 6500, అంటే తెలుపు నీలం వైపు జారింది. వెలుగు 340 నిట్స్. టీవీకి, నెట్‌కి వెళ్లే మామూలు వీడియోకి రంగులు దిద్దడానికి 100 నుంచి 120 నిట్స్ చాలు. ఎరుపు, ఆకుపచ్చ రెక్ 709 (హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణం) గీత దాటి బాగా బయటికి పోయాయి.

ఇక్కడ లెక్క తిరగబడుతుందని చాలామందికి తట్టదు. మానిటర్ ఏది ఎక్కువ చేసి చూపిస్తే ఎడిటర్ దాన్ని తగ్గిస్తాడు. స్క్రీన్ నీలంగా ఉంటే పచ్చ కలుపుతాడు. వెలుగు ఎక్కువగా ఉంటే బొమ్మని చీకటి చేస్తాడు. రంగులు గాఢంగా కనిపిస్తే శాచురేషన్ దించుతాడు. ఆ మూడూ ఫైల్‌లోకి ఎక్కుతాయి, మానిటర్ మాత్రం స్టూడియోలోనే ఉండిపోతుంది.

డీసీఐ పీ3 95 శాతం అన్నది ఎందుకు కొంప ముంచిందో ఓనర్‌కి ఇలా చెప్పాను. వంట రాసినావిడ రెండు చెంచాల కారం అంది. మీ ఇంట్లో చెంచా గరిటంత ఉంది. కూర మండిపోయింది, మీరు కాగితం మీద ‘అర చెంచా’ అని దిద్దారు. ఆ కాగితం పట్టుకుని పక్కింటావిడ మామూలు చెంచాతో వండితే కూర చప్పగా వస్తుంది. 1990లో వచ్చిన రెక్ 709 ప్రమాణం హెచ్‌డీ వీడియోకి చెంచా సైజు చెప్పింది, కంప్యూటర్ల ఎస్‌ఆర్‌జీబీకి కూడా మూల రంగులు అవే. ఫైల్‌లో ‘పూర్తి ఎరుపు’ అని ఉంటే, అడిగేవాడు లేనప్పుడు వైడ్ గ్యామట్ (రంగుల పరిధి ఎక్కువున్న) మానిటర్ తన సొంత పూర్తి ఎరుపుని చూపిస్తుంది. కుంకుమ రంగు చీర దాని మీద భగభగలాడింది, ఎడిటర్ భయపడి తగ్గించాడు, అది ఇంటికెళ్లి ఇటుక అయింది.

పక్క కుర్చీ

ఇది నాకు రెండో రోజు గానీ దొరకలేదు. ఎడిటర్ మండపం షాట్ ఒకటి దిద్దుతున్నాడు, పక్కన ఓనర్ “ఇంకా తెల్లబోయినట్టుంది, జర డార్క్ చెయ్” అంటున్నాడు. ఎడిటర్ “ఇప్పటికే చీకటైంది కదా అన్నా” అని గొణుగుతూనే చేస్తున్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. వీఏ ప్యానెల్‌ని ఎదురుగా కూర్చుని చూస్తే నలుపు గాఢంగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే అదే నలుపు తేలిపోయి బూడిద రంగవుతుంది. నా పెన్‌డ్రైవ్‌లో 0 నుంచి 20 దాకా నలుపు మెట్లుండే ఒక బొమ్మ ఉంది, అది పెట్టాను. ఎడిటర్ కుర్చీలోంచి మొదటి ఆరు మెట్లు కలిసిపోయాయి. ఓనర్ కుర్చీలోంచి రెండో మెట్టు నుంచే లెక్కపెట్టగలిగాను. ఒకరు చూస్తున్న బొమ్మ మీద ఇంకొకరు తీర్పు చెప్తున్నారు, ఆ ఇంకొకరు ఓనర్ కాబట్టి ఆయన మాటే చెల్లుతోంది.

గది గురించి ఒక్క మాట. సీలింగ్‌కి పసుపు పచ్చ లైట్, మానిటర్ వెనక ఊదా రంగు ఎల్‌ఈడీ స్ట్రిప్, గోడకి చిలకాకుపచ్చ. పచ్చటి వెలుగులో కూర్చుంటే కన్ను దానికి అలవాటు పడిపోతుంది, స్క్రీన్ ఇంకా నీలంగా అనిపిస్తుంది. ఎడిటర్‌కి ఇంకాస్త పచ్చ కలపాలనిపిస్తుంది.

చేసి చూసినవి, చెడినవి

నాకంటే ముందు వాళ్లు చేసిన ప్రయత్నం వాట్సాప్. కలర్ చేసిన క్లిప్‌ని ఫోన్‌కి పంపుకుని, ఫోన్‌లో చూసి మళ్లీ దిద్దడం. ఒక ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంది, ఇంకోదాంట్లో సాయంత్రమైతే స్క్రీన్ పచ్చబడే కళ్ల రక్షణ సెట్టింగ్ ఆన్‌లో ఉంది. దాని మీద వాట్సాప్ కంప్రెషన్. పొద్దున దిద్దిన కలర్‌కీ రాత్రి దిద్దిన కలర్‌కీ పొంతన లేదు.

నా తప్పు ఇంకా ఖరీదైనది. కొత్తది కొనిపించే ముందు ఉన్నదాన్నే దారికి తెద్దామనుకున్నాను, వైడ్ గ్యామట్ కదా, సరిగ్గా క్యాలిబ్రేట్ చేస్తే రెక్ 709 అందులో హాయిగా ఇమిడిపోతుంది. ఐసీసీ ప్రొఫైల్ (ఈ మానిటర్ రంగులు ఎలా చూపిస్తుందో చెప్పే ఫైల్) తయారుచేసి విండోస్‌లో పెట్టి, డెస్క్‌టాప్ మీద తెలుపు తెల్లబడటం చూసి, అయిపోయిందని చెప్పి డబ్బులు తీసుకుని వచ్చేశాను. నాలుగు రోజులకి ఎడిటర్ ఫోన్: “అన్నా, తెలుపు మంచిగైంది కానీ రిజాల్వ్‌లో చీర ఇంకా మండుతుంది.”

మండుతుంది మరి. ప్రొఫైల్‌లో తెలుపునీ గామానీ (నీడలు, మధ్య వెలుగులు ఎంత చీకటిగా కనపడాలో) దిద్దే భాగం గ్రాఫిక్స్ కార్డ్‌లో కూర్చుంటుంది, అందుకే డెస్క్‌టాప్ బాగుపడింది. రంగుల గాఢతని దిద్దే భాగం మాత్రం ప్రొఫైల్‌ని చదివే సాఫ్ట్‌వేర్‌కే పనికొస్తుంది. విండోస్‌లో రిజాల్వ్ దాన్ని చదవదు. ప్రీమియర్ చదువుతుంది, డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్ టిక్ పెడితే. నాకు ఇది తెలియని విషయం కాదు, హడావిడిలో రిజాల్వ్ తెరిచి చూడలేదు, అంతే. సిగ్గుపడి వెళ్లి రిజాల్వ్‌కి వేరేగా 3డి లట్ (ఏ రంగుని ఎంత మార్చి చూపించాలో చెప్పే పట్టిక) చేసి పెట్టాను, ప్రీమియర్‌లో టిక్ పెట్టాను. ఒక వారం నడిచింది. ఆ తర్వాత చిన్నవాడు ప్రీమియర్ హ్యాంగ్ అవుతోందని ప్రిఫరెన్సెస్ రీసెట్ కొట్టాడు, టిక్ పోయింది. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ని చూసుకునే ప్లేయర్ సంగతి సరేసరి. రిజాల్వ్‌లో ఒక చీర, ప్రీమియర్‌లో ఒక చీర, ప్లేయర్‌లో మూడో చీర. ఏది నిజమని ఎడిటర్ అడిగితే నేను పావుగంట చెప్పాల్సి వచ్చింది. సీజన్‌లో రాత్రి రెండింటికి పని చేసే మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన విషయం కాదు అది.

మానిటర్‌లోనే ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంది కదా, అది చాలదా అని అడగొచ్చు. పెట్టి చూశాను. రంగులు లోపలికొచ్చాయి, కానీ ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ బటన్ పని చెయ్యదు, 260 నిట్స్ దగ్గర తాళం పడిపోయింది. చాలా మానిటర్లలో ఈ జబ్బు ఉంది, కొనేముందు షాపులోనే ఆ మోడ్ పెట్టి వెలుగు తగ్గుతుందో లేదో చూసుకోండి. పైగా ఇవన్నీ సరిచేసినా పక్క కుర్చీ సమస్య పోదు, అది ప్యానెల్ పుట్టుకతో వచ్చింది.

టీవీ పెట్టేద్దాం అన్నాడు

ఓనర్ వాదన కొట్టిపారేసేది కాదు. “కస్టమర్ చూసేది టీవీలనే కదా తమ్మీ, మనం కూడా టీవీ మీదనే కలర్ చేస్తే లొల్లే ఉండదు.” హాల్లో ఉన్న 43 అంగుళాల 4కె టీవీని తెచ్చి పెట్టాం.

ఒక రోజంతా పోయింది. మొదట మౌస్ కర్సర్ జిడ్డులో ఈదుతున్నట్టు కదిలింది. డ్రాయర్‌లోంచి తీసిన పాత హెచ్‌డీఎంఐ కేబుల్, దాని మీద 4కె సెకనుకి 30 ఫ్రేములే నిలిచాయి. కొత్త కేబుల్ వేశాక 60 వచ్చింది. తర్వాత పెళ్లికొడుకు నల్ల షేర్వాణీ తారు పూసినట్టు అయిపోయింది, మడతలు లేవు, గుండీలు లేవు. సిస్టమ్ 0 నుంచి 255 దాకా పంపుతోంది, టీవీ 16 నుంచి 235 వస్తుందనుకుని చదువుతోంది. 16 కింద ఉన్నదంతా దానికి ఒకటే నలుపు. గ్రాఫిక్స్ కార్డ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ రేంజ్‌ని టీవీతో జత చేశాక మడతలు తిరిగొచ్చాయి. (దీనికి ఉల్టా కేసు కూడా తరచూ చూస్తాను, మానిటర్‌ని హెచ్‌డీఎంఐతో కలిపితే కార్డ్ దాన్ని టీవీ అనుకుని లిమిటెడ్ రేంజ్ పంపుతుంది, నలుపంతా బూడిద అవుతుంది. కొత్త మానిటర్ బాలేదని వెనక్కిచ్చిన వాళ్లున్నారు దీని దెబ్బకి.)

అవన్నీ అయ్యాక కూడా టీవీని వద్దన్నాను. ఆ టీవీ మీద దిద్దితే ఆ టీవీకే సరిపోతుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో టీవీ, ఒక్కోటీ ఒక్కో మోడ్‌లో. అన్నిటికీ నడిమధ్యన ఉండే ప్రమాణం ఒకటి పట్టుకుంటేనే ఎవరింట్లో ఎటు జారినా కొద్దిగా జారుతుంది. అయితే టీవీని పంపేయలేదు. పక్క గోడకి తగిలించాం, అందులో ఉన్న సినిమా మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ దించి, కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఆపేసి. ఫైనల్ ఎక్స్‌పోర్ట్ ఒకసారి దాని మీద నడిపి చూస్తారు, దాని మాట విని రంగులు మార్చరు.

ఏది కొనాలి

బడ్జెట్ 75 వేలు. నా మనసులో ఉన్నది పెద్ద ఎడిటర్‌కి ఒక మంచి 27 అంగుళాల 4కె, చిన్నవాడికి గేమింగ్ మానిటర్. మాట్లాడుతుంటే అప్పటిదాకా నోరెత్తని చిన్నవాడు అన్నాడు: “అన్నా, ఆయనకు మంచిది, నాకు తప్పుది ఇస్తే, నేను చేసిందల్లా ఆయన మళ్ల సరిచేసుడే కదా?”

నిజమే. ఫుల్ వీడియో మూడు గంటలు, దాని కలర్ సర్దేది చిన్నవాడే, హైలైట్స్ ఐదు నిమిషాలు. కస్టమర్ ఎక్కువసేపు చూసేది చిన్నవాడి పని. నా ప్లాన్ అక్కడికక్కడే మార్చేశాను: ఒకే మోడల్ రెండు. ఆ డబ్బుకి నాకు నచ్చినవి రెండంటే అప్పట్లో క్యూహెచ్‌డీనే (2560×1440), అలాంటి 4కె రెండు రాలేదు.

4కె వదులుకోవడం నాకూ కొంచెం బాధే. కానీ లెక్క వేస్తే 27 అంగుళాల్లో 4కె అంగుళానికి 163 పిక్సెళ్లు, అక్షరాలు చీమల్లా ఉంటాయి కాబట్టి విండోస్‌లో 150 శాతం స్కేలింగ్ పెడతాం, అప్పుడు టైమ్‌లైన్‌కి దొరికే చోటు క్యూహెచ్‌డీ అంతే. క్యూహెచ్‌డీ 109 పిక్సెళ్లు, స్కేలింగ్ లేకుండా నడుస్తుంది. బొమ్మ పదును 4కెలో బాగుంటుంది, కాదనను, కానీ ఫోకస్ చెక్ చెయ్యాలంటే వ్యూయర్‌ని 100 శాతానికి జూమ్ చేసుకుంటే సరిపోతుంది. వచ్చిన ఫిర్యాదుల్లో ఒక్కటీ పదును గురించి కాదు.

సైజు టేపుతో తేల్చాను. బల్ల లోతు సరిగ్గా రెండడుగులు, కంటి నుంచి స్క్రీన్‌కి 60 సెంటీమీటర్లు. అంత దగ్గర 32 అంగుళాలంటే మూలలు చూడ్డానికి మెడ తిప్పాలి, ఎడిటర్ అప్పటికే మెడ నొప్పి అంటున్నాడు.

ప్యానెల్ ఐపీఎస్ అనే రకం. కాంట్రాస్ట్ 1000కి 1, వీఏలో 3000కి 1 దాకా వస్తుంది కాబట్టి చీకటి గదిలో ఐపీఎస్ నలుపు కొంచెం వెలిసినట్టే ఉంటుంది. అయినా పక్క కుర్చీలోని మనిషికీ ఎదురు కుర్చీలోని మనిషికీ దాదాపు ఒకే బొమ్మ కనపడుతుంది, ఈ స్టూడియోకి అది ముఖ్యం. ఓఎల్‌ఈడీ ఆలోచించలేదా అంటే ఆలోచించాను. రోజుకి పన్నెండు గంటలు అదే టైమ్‌లైన్ అదే చోట నిలబడి ఉంటుంది, ఆ గీతలు స్క్రీన్‌లో ముద్ర పడిపోతాయేమోనన్న భయంతో ఈ బడ్జెట్‌లో వద్దనుకున్నాను. 10 బిట్ గురించి ఓనర్ గట్టిగా అడిగాడు, 8 బిట్‌లో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1024, వినడానికి చాలా తేడా. వీళ్లు ఇచ్చేది 8 బిట్ ఫైల్, అందుకని దాని కోసం డబ్బు పెట్టనివ్వలేదు. హెచ్‌డీఆర్ స్టిక్కర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అంటే వెలుగు 400 నిట్స్ దాకా వస్తుందనే తప్ప, నలుపుని ఎక్కడికక్కడ ఆర్పే లోకల్ డిమ్మింగ్ ఉండాలన్న నియమం లేదు.

సీటీసీలో

సికింద్రాబాద్ ప్యారడైజ్ పక్కన పార్క్ లేన్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరి సీటీసీ. లష్కర్ బోనాల ముందు శనివారం వెళ్లాం, బుద్ధి తక్కువై. దారంతా పందిళ్లు, బండి ఎక్కడో పెట్టి నడిచాం.

షాపతను అడగకుండానే గేమింగ్ మానిటర్ ఆన్ చేశాడు, “సార్, కలర్ ఎట్ల కొడుతుందో చూడండి” అని. డెమో వీడియోలో చిలకలు, పూలు, సముద్రం. ఏ మానిటర్ మీదైనా అది బాగానే ఉంటుంది, అందుకే దాన్ని తీశారు. నా పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అందులో నాలుగే ఫైళ్లు: నలుపు మెట్లు, బూడిద రంగు తెలుపు దాకా నున్నగా మారే పట్టీ, పూర్తి నలుపు, ఒక పెద్దావిడ మొహం క్లోజప్. (ఆవిడ మా అత్తమ్మ, ఆవిడ ఒంటి రంగు నాకు బాగా తెలుసు, ఆ వీడియోకి ఆవిడ అనుమతి కూడా ఉంది.) బూడిద పట్టీలో ఎక్కడైనా గులాబీ గానీ ఆకుపచ్చ గానీ చారలా కనపడితే ఆ మానిటర్ని పక్కనపెట్టాం. షాప్ ట్యూబ్‌లైట్ల కింద అంతకంటే తేల్చలేం.

ఏసుస్ ప్రోఆర్ట్ సిరీస్‌లో 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఐపీఎస్ మోడల్ తీసుకున్నాం, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం, డెల్టా ఈ (రంగు ఎంత తప్పిందో చెప్పే కొలత, తక్కువైతే మంచిది) 2 లోపు అని ఫ్యాక్టరీ రిపోర్ట్ ఇస్తారు. డెల్ అల్ట్రాషార్ప్, బెన్‌క్యూ పీడీ సిరీస్‌లు కూడా నా లిస్టులో ఉన్నాయి, ఆ రోజు ఒకే మోడల్ రెండు స్టాక్‌లో ఉన్నది ఇదే. బిల్లు చేసేముందు డెడ్ పిక్సెల్ ఉంటే ఎన్నాళ్లలో మారుస్తారో బిల్లు మీదే రాయించాను. షాపతను కాసేపు నవ్వి, తర్వాత రాశాడు.

గది, క్యాలిబ్రేషన్

ఊదా స్ట్రిప్ పీకేశాం. సీలింగ్ లైట్ ఆపి, మానిటర్ వెనక గోడ మీద పడేలా 6500 కెల్విన్ బల్బ్ ఒకటి, స్క్రీన్ కంటే చాలా మసకగా. గోడకి బూడిద రంగు వేద్దామంటే ఇంటి ఓనర్ ఒప్పుకోలేదు, బూడిద రంగు అశుభమట. జనరల్ బజార్లో బూడిద రంగు గుడ్డ కొని పరదాలా వేలాడదీశాం. కిటికీకి మందపాటి కర్టెన్.

రెండు మానిటర్లకీ ఒకే లక్ష్యం: 6500 కెల్విన్, 120 నిట్స్, గామా 2.2. పూర్తి చీకటి గది అయితే 2.4 పెట్టేవాణ్ని, ఇక్కడ తలుపు తీస్తూ వేస్తూ టీలు వస్తుంటాయి. వెలుగు, రంగుల తూకం మానిటర్ బటన్లతోనే చాలావరకు కుదిర్చి, మిగిలిన కొంచెమే సాఫ్ట్‌వేర్‌కి వదిలాను, ఈసారి ఏ టిక్ పోయినా బొమ్మ పెద్దగా మారకూడదని. ఒకే మోడల్, ఒకే రోజు కొన్నవి, అయినా డబ్బాలోంచి తీసినప్పుడు ఒకదాని తెలుపులో ఆకుపచ్చ చాయ ఉంది. క్యాలిబ్రేషన్ తర్వాత రెండిట్లోనూ డెల్టా ఈ సగటు 1.5 లోపు వచ్చింది.

ఆ తర్వాత నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. స్కోప్స్ మీద ఒక కాగితం అంటించి, ఆ ‘కామెర్ల’ పెళ్లి ఒరిజినల్ క్లిప్ ఇచ్చి, కంటితోనే దిద్దమన్నాను పెద్ద ఎడిటర్ని. ఇరవై నిమిషాలు చేశాడు. కాగితం తీస్తే మధుపర్కం మీద 82, 81, 79. చెంప 56. అతను చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత “అంటే నాకు కలర్ వచ్చు” అన్నాడు. మూడు నెలలుగా తనకి చేతకాదేమో అనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది నాకు.

తర్వాత వచ్చినవి

రెండు వారాలకి ఓనర్ ఫోన్, కొత్త మానిటర్లు కూడా తప్పేనని. అదే ఫైల్ తన మ్యాక్‌బుక్‌లో క్విక్‌టైమ్‌లో తెరిస్తే తెల్లబోయి ఉంది. రెక్ 709 అని ట్యాగ్ ఉన్న ఫైల్‌ని మ్యాక్ కొంచెం వేరే గామాతో చదువుతుంది, నీడలు తేలిపోతాయి, ఎన్నో ఏళ్లుగా కలరిస్టులందరికీ ఉన్న తలనొప్పే ఇది. అదే మ్యాక్‌లో వీఎల్‌సీతో తెరవమన్నాను, సరిపోయింది. తీర్పు చెప్పే స్క్రీన్ ఏదో ముందే తేల్చుకోకపోతే ఇలాంటి ఫోన్ ప్రతి నెలా వస్తుంది. ఇప్పుడు ఆ రెండు మానిటర్ల వెనకా స్టిక్కర్ అంటించాను, ఏ తేదీన క్యాలిబ్రేట్ చేశామో, మళ్లీ ఎప్పుడు చెయ్యాలో.

ఇప్పుడైతే ఇలాంటి కేసుకి మొదటి రోజే స్కోప్స్, అదే రోజు పక్క కుర్చీ, ఆ తర్వాతే క్యాలిబ్రేటర్ తీస్తాను. డబ్బులు ఒక వారం ఆగాక తీసుకుంటాను. గేమింగ్ మానిటర్ ఓనర్ టేబుల్ మీదకి చేరింది, రాత్రుళ్లు క్రికెట్ చూస్తున్నాడు దాంట్లో, మానిటర్‌గా దానికి వంక పెట్టడానికేం లేదు.

కామెర్ల పెళ్లి వీడియో మళ్లీ కలర్ చేసి శ్రావణంలో పంపారు. ఆ తల్లి ఫోన్ చేసింది, ఓనర్ స్పీకర్ పెట్టి నాకూ వినిపించాడు. “ఇప్పుడు మంచిగుంది బాబూ, చీర రంగు కూడా అచ్చం అట్లనే ఉంది.” ఒక క్షణం ఆగింది. “గానీ పిల్ల మొహం ఇంకొంచెం తెల్లగ చేస్తరా?”

ఎడిటర్ నా వైపు చూశాడు. దానికి నా దగ్గర ప్రొఫైల్ లేదన్నాను.